విద్యుత్తు బరమా

వడ్రంగి పనిని శ్రద్ధగా చూచినవారికి బరమా పరిచితమే. ఒక కఱ్ఱ కదురు, దాని కొనకు ఉక్కు ములికి, కదురునకు త్రాటితో చుట్టిన విల్లు: ఇంతయే దాని సామగ్రి. వడ్రంగి ఒక చేతితో కదురు తలను అదిమిపట్టి, రెండవ చేతితో విల్లును ముందునకు వెనుకకు లాగుచుండును. కదురు గిఱ్ఱున తిరిగి కొయ్యను తొలుచును. త్రిప్పి తొలుచు ఈ ఉపాయము మిక్కిలి ప్రాచీనమైనది. బెలూచిస్థానమునందలి మెహర్‌గఢ్‌లో లభించిన సుమారు 7,500 మొదలు 9,000 సంవత్సరముల నాటి మానవ దంతములలో అట్లు తొలిచిన రంధ్రములు కనబడినట్లు 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

చేతి బరమాలో ఒక సుగుణము కలదు. ములికి చిక్కుకొనినచో చేయి ఆగును. చేయి ఆగినచో బరమాయు ఆగును. దానిని నడపు శక్తి పనివానిదే గనుక, అది అతని బలమును మించి అతనిని బాధింపజాలదు. విద్యుత్తు వచ్చిన పిదప ఈ సంబంధము మారిపోయినది.

1889లో ఆస్ట్రేలియా దేశమందలి మెల్‌బోర్న్ నగరమున ఆర్నాట్, బ్రెయిన్ అను ఇరువురు విద్యుత్తుచే నడచు బరమాకు పేటెంటు పొందిరి. 1895లో జర్మనీయందలి స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థవారు చేతితో ఎత్తి పట్టుకొనదగిన బరమాను నిర్మించిరి. అమెరికాయందలి బాల్టిమోర్‌లో బ్లాక్, డెకర్ అనువారు దానికి పిస్తోలు వంటి పిడిని, వ్రేలితో నొక్కు మీటను అమర్చి 1917లో పేటెంటు పొందిరి. నేడు పనివారు డ్రిల్లు మిషను అని పిలుచు యంత్రమునకు ఈనాటికిని అదియే రూపము. బ్యాటరీతో నడచునవియు ఇప్పుడు కలవు. అయినను గంటలకొలది సాగు బరువు పనులకు తీగ తగిలించి నడపు యంత్రము వాడుకలోనే యున్నది.

దీని లోపల మోటారు కలదు. అందు తిరుగు భాగమునకు ఆర్మేచరు అని పేరు. దానికి రెండు కార్బను బ్రష్షులు ఒరసికొనుచు విద్యుత్తును అందించును. ఆర్మేచరు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును గాని, ఆ వేగముతో తిన్నగా ఇనుమును తొలువ వీలులేదు. అందుచే పండ్లచక్రములు వేగమును తగ్గించి, ఆ మేరకు త్రిప్పుబలమును పెంచును. చివరనున్న చక్కు తన మూడు దవడలతో బిట్టును బిగించి పట్టుకొనును.

746 వాట్లు ఒక అశ్వశక్తికి సమానము. 750 వాట్ల యంత్రమును పట్టుకొనినవాడు విద్యుత్తు నుండి ఇంచుమించు ఒక అశ్వశక్తిని గ్రహించు సాధనమును చేతబట్టినట్లే. బిట్టు ఇనుములో గాని కాంక్రీటులోని కమ్మికి తగిలి గాని చిక్కుకొనినప్పుడు మోటారు ఆగక త్రిప్పుచునే యుండును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను చెప్పిన సూత్రము ఇచ్చట ప్రత్యక్షమగును. బిట్టు తిరుగలేదు గనుక యంత్రమే పట్టుకొనినవాని చేతిలో ఎదురుదిశకు తిరుగబోవును. రెప్పపాటులో మణికట్టు విఱుగవచ్చును. ఇట్టి సమయమున పట్టు వదలు క్లచ్చు కొన్ని యంత్రములలో కలదు, అన్నింటిలో లేదు.

అందుచేతనే బరువు యంత్రములకు ప్రక్కపిడి ఉండును. ఇరుసు నుండి రెట్టింపు దూరమున పట్టినచో, అదే త్రిప్పుబలమును సగము బలముతో ఆపవచ్చును. బరువని గాని అడ్డమని గాని తలచి ప్రక్కపిడిని తీసివేయువాడు తన రక్షణనే తీసివేయుచున్నాడు. నిచ్చెన చివర నిలిచి ఒంటిచేతితో తొలుచుట మఱింత ప్రమాదకరము. మీటను నొక్కియే యుంచు లాకు బొత్తామును చేతితో పట్టి చేయు పనిలో వాడరాదు; వ్రేలు వదలగనే యంత్రము ఆగవలెను.

తొలువబోవు వస్తువును చేతితో పట్టుకొనక వైసులో బిగింపవలెను. ఇనుముపై ముందుగా పంచితో చిన్న గుంట చేసినచో బిట్టు జారదు. చిన్న బిట్టునకు హెచ్చు వేగము, పెద్ద బిట్టునకు తక్కువ వేగము తగును. బిట్టు వాడియైనదైనచో మితమైన ఒత్తిడి చాలును. మొద్దుబారినదానిని బలిమితో నొక్కినచో వేడియే పుట్టును. రంధ్రము అవతలికి వెడలబోవునప్పుడే బిట్టు చిక్కుకొనుట మెండు గనుక, అప్పుడు ఒత్తిడిని తగ్గింపవలెను. కంటి అద్దములు తప్పక ధరింపవలెను. వదులు చొక్కాచేతులు, పైటచెఱగు, జారిన జడ, చేతితొడుగులు తిరుగు చక్కునకు చిక్కునవే. ఇనుప రజనును చేతితో గాక కుంచెతో తుడువవలెను.

బిట్టును మార్చుటకు ముందు ప్లగ్గును ఊడదీయవలెను. చక్కు కీని అందే మఱచి మీట నొక్కినచో అది బాణమువలె ఎగిరిపోవును. తీగను పట్టి యంత్రమును వ్రేలాడదీయరాదు; తీగపై తొడుగు చిట్లినచో దానిని మార్చువరకు పని ఆపవలెను. అదనపు తీగ వాడునప్పుడు చుట్టను పూర్తిగా విప్పవలెను. చుట్టయందు వేడి నిలిచి తొడుగు కరగవచ్చును. లోహపు ఒడలుగల యంత్రమునకు ఎర్తు తప్పనిసరి. చతురస్రములో చతురస్రము గుర్తుగల యంత్రములు రెండు పొరల రక్షణ గలవి గనుక వానికి ఎర్తు అక్కఱలేదు.

మోటారు వెనుకనున్న రంధ్రముల ద్వారా గాలి లోనికి పోయి దానిని చల్లబఱచును. దుమ్ముతో అవి మూసికొనినచో మోటారు కాగిపోవును. కావున పని ముగిసిన పిదప మెత్తని కుంచెతో వానిని శుభ్రపఱుపవలెను. బ్రష్షులు అరిగినచో నిప్పురవ్వలు హెచ్చును. అప్పుడు రెండింటిని ఒక్కసారిగా మార్చవలెను. చిక్కుకొనిన యంత్రమును మీట నొక్కి విడిపింపజూచుట మిక్కిలి తప్పు. తిరుగని మోటారులోనికి విద్యుత్తు విపరీతముగా ప్రవహించును. పంకాయు తిరుగదు గనుక లోపలి తీగచుట్టలు క్షణములలో కాలిపోవును. అట్టియెడ ప్లగ్గు ఊడదీసి, చక్కును చేతితో వెనుకకు త్రిప్పి బిట్టును విడిపింపవలెను.

చేతి బరమాకు అలసట ఎఱిగిన చేయియే హద్దు. విద్యుత్తు బరమాకు అలసట లేదు; దానికి హద్దు ఏర్పఱుపవలసినది పనివాని బుద్ధియే. అనుభవజ్ఞుడు రెండు పిడులను గట్టిగా పట్టి, కాళ్లు కుదురుగా నిలిపి, ఆ తరువాతనే మీట నొక్కును. పని ముగియగనే ముందుగా ప్లగ్గును ఊడదీసి, పిమ్మట చెమట తుడుచుకొనును.