87 రెట్లు చిన్నదైన రైలుకు మూడు చిక్కులు

బోగీల మీద బ్రేకుల ధూళి, రేకుల మీద తుప్పు మరకలు సహా అద్దిన నమూనా రైలు ఫొటోలో అచ్చం అసలు రైల్లాగే ఉంటుంది. అసలు పరీక్ష అది కదిలినప్పుడే.

నమూనా రైళ్లలో ఎక్కువగా వాడే హెచ్‌ఓ స్కేల్‌లో ప్రతి పొడవునూ 87 రెట్లు తగ్గిస్తారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. యూరప్, అమెరికాల్లోని 1,435 మి.మీ. గేజ్‌కు ఇది సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అందుకే బజారులో దొరికే పట్టాలపై మన ఇంజన్ కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు కనిపిస్తుంది.

రెండో చిక్కు మలుపులు. బ్రాడ్‌గేజ్ వంపు వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. నమూనాలో అది రెండు మీటర్లు. రైలు గుండ్రంగా తిరగాలంటే నాలుగు మీటర్లకు మించిన గది కావాలి. అందుకే ఇళ్లలో అర మీటరు వ్యాసార్ధంతో సరిపెట్టి, ఆ వంపును కొండ వెనకో సొరంగంలోనో దాచేస్తారు.

మూడోది దాచలేనిది. కరెంటు తీసేశాక రైలు దొర్లే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం 87 రెట్లు తగ్గితే, బరువుతో పోలిస్తే రాపిడి అంతే ఉందనుకున్నా, ఆ దూరం 7,569 రెట్లు తగ్గుతుంది. కిలోమీటరు దొర్లే రైలు నమూనాలో పదకొండున్నర మీటర్లు వెళ్లాలి. కానీ 13 సెంటీమీటర్లలోనే ఆగిపోతుంది. గురుత్వాకర్షణను 87 రెట్లు తగ్గించలేం కదా! అందుకే మోటారుకు బరువైన ఫ్లైవీల్ బిగిస్తారు, లేదా ఎలక్ట్రానిక్ చిప్‌తో వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. అప్పుడే బల్లమీది రైలు, స్టేషన్‌లోకి వచ్చే పెద్ద రైల్లా నింపాదిగా ఆగుతుంది.