టగ్ ఏటి ఒడ్డున ఓడిన ప్రేమ

1880 ఆగస్టు. అమెరికాలోని అపలేచియన్ కొండల్లో అది ఎన్నికల దినం. ఆ కొండవాసులకు ఎన్నికలంటే తిరునాళ్లే. ఆ జనసమ్మర్దంలో పద్దెనిమిదేళ్ల జాన్స్ హాట్‌ఫీల్డ్, ఇరవయ్యొక్కేళ్ల రోజానా మెకాయ్ ఒకరినొకరు చూచుకున్నారు. ఇంటికి తిరిగి పోవలసిన రోజానా అతని వెంట టగ్ ఏరు దాటి వెళ్లిపోయింది.

ఆ ఏరు దాటడం సామాన్యమైన విషయం కాదు. ఇవతల కెంటకీ రాష్ట్రం, మెకాయ్‌ల నెలవు. అవతల వెస్ట్ వర్జీనియా, హాట్‌ఫీల్డ్‌ల రాజ్యం. అంతర్యుద్ధం చివరి సంవత్సరమైన 1865లో ఒక మెకాయ్ సైనికుడు హతుడయ్యాడు. అనుమానం హాట్‌ఫీల్డ్ పక్షంపై పడింది. 1878లో ఒక పంది ఎవరిదన్న తగవు న్యాయస్థానానికెక్కి, తీర్పు హాట్‌ఫీల్డ్‌లకు అనుకూలంగా వచ్చింది. అంతటితో రెండిళ్ల మధ్య మాటలు పోయి తుపాకులు మిగిలాయి. దొంగసారా కాచడం, అధికారుల కళ్లుగప్పడం ఆ కొండల్లో నిత్యకృత్యాలు.

జాన్స్ తండ్రి ఆన్స్‌ను జనం 'సైతాను ఆన్స్' అని పిలిచేవారు. మెకాయ్ పిల్లను ఇంట ఉండనిచ్చాడు గాని, కోడలిగా అంగీకరించలేదు. కొన్ని నెలలకు రోజానా వెనుదిరిగింది. తండ్రి రాండాల్ఫ్ గుమ్మంలో ఆమెకు ఆదరణ కరవైంది. పినతల్లి పంచన చేరింది. జాన్స్ అక్కడికి చాటుగా వచ్చి పోతుండేవాడు.

ఒక రాత్రి ఆమె సోదరులు అతణ్ణి పట్టుకున్నారు. సారా నేరంపై చెరసాలకు తీసుకుపోతున్నామన్నారు. అతడు ప్రాణాలతో చెరసాల చేరడని రోజానాకు అనిపించింది. అరువు గుర్రమెక్కి చీకట్లో కొండదారిన సైతాను ఆన్స్ ఇంటికి పరుగెత్తిందని చెబుతారు. హాట్‌ఫీల్డ్‌లు దారికడ్డుపడి జాన్స్‌ను విడిపించుకున్నారు. ఆ రాత్రి నెత్తురు చిందలేదు.

కాని ఆమెకు దక్కినదేమిటి? పుట్టింటివారి దృష్టిలో ఆమె ద్రోహి అయింది. 1881లో జాన్స్ పెళ్లి చేసుకున్నాడు. వధువు రోజానా కాదు, ఆమె పినతండ్రి కూతురు నాన్సీ మెకాయ్. రోజానా కన్న పసిపాప పొత్తిళ్లలోనే కన్నుమూసింది.

పగ మాత్రం పెరుగుతూనే పోయింది. 1882 ఎన్నికల దినాన రోజానా సోదరులు ముగ్గురు కలిసి సైతాను ఆన్స్ తమ్ముడు ఎలిసన్‌ను పొడిచి, కాల్చారు. అతడు మరణించగానే హాట్‌ఫీల్డ్‌లు ఆ ముగ్గురినీ ఏటి ఒడ్డున చెట్లకు కట్టి కాల్చి చంపారు. 1888 కొత్త సంవత్సరపు రాత్రి రాండాల్ఫ్ ఇంటికి నిప్పు పెట్టారు. ఒక కొడుకు, ఒక కూతురు బలైపోయారు. తల్లిని చావుదెబ్బలు కొట్టారు. ఆ దాడి చేసిన ముఠాలో జాన్స్ కూడా ఉన్నాడు! ఒకనాడు తన ప్రాణం కాపాడిన పిల్ల పుట్టినిల్లది.

చివరకు వీరికి కళ్లెం వేసినది చట్టమే. కెంటకీ మనుషులు ఏరు దాటి నిందితులను ఎత్తుకురాగా, ఆ వివాదం 1888లో అమెరికా సుప్రీం కోర్టుకు చేరింది. విచారణ జరపవచ్చునని న్యాయమూర్తులు తేల్చారు. పలువురికి యావజ్జీవ శిక్ష పడింది. 1890లో ఒకణ్ణి ఉరితీశారు. అప్పటికే రోజానా సుమారు ముప్పయ్యేళ్ల ప్రాయంలో లోకం విడిచింది.

1949లో హాలీవుడ్ ఆమె పేరిట చిత్రం తీసింది. 2003లో రెండు వంశాల వారసులు సంధిపత్రంపై సంతకాలు చేశారు. ప్రేమ పగను జయిస్తుందని కథలు చెబుతాయి. టగ్ ఏటి ఒడ్డున అది జయించలేదు; ఒక ప్రాణాన్ని ఒక రాత్రికి కాపాడింది. తక్కినది చేయవలసినవారు ఇద్దరు తండ్రులు. వారు చేయలేదు.