అంచు మొత్తములు: నేత కుటుంబములు తెలిసికొనవలసిన లెక్క

చీరకు అంచు ఉన్నట్లే లెక్కల పట్టికకును అంచు ఉన్నది. అడ్డు వరుసల మొత్తములు కుడి అంచున, నిలువు వరుసల మొత్తములు క్రింది అంచున, అందరి మొత్తము మూలన వ్రాయుదురు. వీనినే అంచు మొత్తములు అందురు. ఏ అంచును కూడినను మూలనున్న సంఖ్యయే రావలెను.

ఉదాహరణకు నూరుమంది పనివారున్న ఒక సంఘమును తీసికొందము.

పురుషులు: నేత 30, అనుబంధ పని 10, మొత్తము 40.
స్త్రీలు: నేత 40, అనుబంధ పని 20, మొత్తము 60.
అందరు: నేత 70, అనుబంధ పని 30, మూల 100.

బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగములు చేయు మన పిల్లలకు ఈ పని నిమిషములలో అగును. 1990వ దశకమున న్యూజీలాండులో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనువారు రూపొందించిన ‘ఆర్’ అను భాష ఇందుకు వాడుకలో నున్నది. మనిషికొక వరుసగా వివరములు ఎక్కించి ‘టేబుల్’ అని ఆజ్ఞ ఇచ్చిన గళ్లు నిండును. ‘యాడ్‌మార్జిన్స్’ అనిన అంచులు కూడును.

అయితే యంత్రము కూడిక చేయునే గాని నిజము నెరుగదు. మగ్గముపై కూర్చుండి నేయుచు, కండెలు కూడ చుట్టు స్త్రీలు పదునైదుగురిని గణకుడు ‘సహాయము’ అని వ్రాసికొనెననుకొందము. అప్పుడు స్త్రీల వరుస 25, 35 అగును. మొత్తము మాత్రము 60 గానే యుండును. మూల 100 గానే యుండును. క్రింది అంచున మాత్రము నేత 55కు దిగును. లెక్క సరిపోయినది గనుక ఎవరును అనుమానింపరు. నేతకారులు పదునైదుగురు మాయమైరి!

ఖాళీ విడిచిన గడి మరియొక చిక్కు. ప్రత్యేకముగా అడిగిననే తప్ప ‘టేబుల్’ ఖాళీలను లెక్కింపదు. అయిదుగురి పని వ్రాయనిచో మూల 95 అగును. ఈ లోపమును పేర్ల జాబితాతో సరిచూచి పట్టవచ్చును. మొదటి దానిని అట్లు పట్టలేము.

2019-20 నాల్గవ అఖిల భారత చేనేత గణనలో మొత్తము పనివారు 35,22,512; నేతకారులు 26,73,891, అనుబంధ పనివారు 8,48,621. స్త్రీలు 25,46,285. స్త్రీలలో నేతకారులెందరో ఈ అంచులు చెప్పవు. గడి లోపల చూడవలెను. కాని అనుబంధ పనివారందరును స్త్రీలే యనుకొన్నను, మిగిలిన 16,97,664 మంది స్త్రీలు నేతకారులే కావలెను గదా!

కావున గణకుడు వచ్చినపుడు మగ్గము నేయు స్త్రీ పేరునకు ఎదుట ‘నేత’ అని వ్రాయించి, కండ్లార చూచిన పిదపనే సంతకము చేయవలెనని మా మనవి. నేతకారులకని ఏర్పడు సహాయము ఆ గడిని బట్టియే నడచును.