కంట్లో పడని పురుగు

పొద్దువాలే వేళ తెనాలి నుంచి రేపల్లె వైపు సైకిలు తొక్కే మనిషికి ఒకప్పుడు ఒక జాగ్రత్త తెలిసి ఉండేది. నోరు గట్టిగా మూసుకోవాలి, కళ్లు సగం మూసుకోవాలి. వేమూరు దాటి భట్టిప్రోలు చేరేలోగా చేల మీంచి లేచిన చిన్నచిన్న పురుగులు మొహానికి టపటపా కొట్టుకునేవి. ఒకటి కంట్లో పడిందంటే సైకిలు దిగి, తువ్వాలు కొసని ముడిచి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దుకోవాల్సిందే. ఇప్పుడు అదే దారిలో కుర్రాళ్లు అంతకు మూడింతల వేగంతో మోటారు సైకిళ్ల మీద పోతున్నారు. కంట్లో పురుగు పడిందని బండి ఆపేవాడు అరుదు. పిల్లలూ, మీ ఇంట్లో యాభై దాటిన వాళ్లని అడిగి చూడండి, ఇదే మాట చెబుతారు.

"పడకపోతే మంచిదేగా తాతయ్యా" అంటారు మీరు. మంచో చెడో తర్వాత చూద్దాం. ముందు ఇది నిజమో కాదో తేల్చుకోవాలి. పెద్దవాళ్ల జ్ఞాపకం విలువైనదే గానీ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. చిన్నప్పుడు చూసినవన్నీ పెద్దవిగానూ ఎక్కువగానూ గుర్తుండిపోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతి తరం తన చిన్నప్పటి లోకాన్నే మామూలు లోకం అనుకుంటుంది. ఇవాళ పదేళ్ల పిల్లకి దీపం చుట్టూ నాలుగు పురుగులే మామూలు. అందుకే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఓపిగ్గా లెక్క రాసి పెట్టాలి.

అలా రాసినవాళ్లున్నారు. డెన్మార్కులో ఆండర్స్ పేప్ మొల్లర్ అనే శాస్త్రవేత్త 1997 నుంచి 2017 దాకా ఏటా వేసవిలో అవే రెండు రోడ్ల మీద కారు నడిపి, ముందు అద్దానికి కొట్టుకుని చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టాడు. ఒక రోడ్డు మీద 80 శాతం, రెండోదాని మీద 97 శాతం తగ్గాయి. గాల్లోనే పురుగుల్ని పట్టి తినే వానకోయిలల సంఖ్య కూడా వాటితో పాటే నడిచింది. జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊరి కీటక ప్రియుల సంఘం 63 రక్షిత ప్రాంతాల్లో గుడారం ఆకారపు వలలు కట్టి, పడిన పురుగుల్ని 27 ఏళ్ల పాటు తూకం వేసింది. ఆ లెక్క 2017లో అచ్చయింది. ఎగిరే పురుగుల బరువు నాలుగింట మూడొంతులకు పైగా, 76 శాతం, పడిపోయింది. ఆ సంఘంలో ఉద్యోగరీత్యా శాస్త్రవేత్తలు కానివాళ్లే ఎక్కువ. సరదా కొద్దీ మొదలుపెట్టి, క్రమం తప్పకుండా కొనసాగించిన మనుషులు వాళ్లు. నాకు వాళ్లంటే గొప్ప గౌరవం.

అన్ని లెక్కలూ ఒకే మాట చెప్పవు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 1676 చోట్ల లెక్కల్ని కలిపి చూస్తే, నేల మీది పురుగులు పదేళ్లకి 9 శాతం చొప్పున తగ్గుతున్నాయనీ, మంచినీటి పురుగులు పదేళ్లకి 11 శాతం చొప్పున పెరుగుతున్నాయనీ తేలింది. నదుల్ని శుభ్రం చేసుకున్న దేశాల్లో నీటి పురుగులు తిరిగొచ్చి ఉండొచ్చు. ఆ లెక్కల్లో ఎక్కువ యూరప్, అమెరికాలవే. మన కృష్ణా డెల్టా సంగతి మనమే చూసుకోవాలి.

చూడటంలోనూ ఒక మెలకువ ఉంది. "మా వీధి దీపం కింద పురుగులు రావడం లేదు, కాబట్టి పురుగులు లేవు" అని తొందరపడకండి. పాతకాలపు పాదరసం దీపాల్లోంచి మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతి ధారాళంగా వచ్చేది. చాలా పురుగుల కళ్లకి అది బాగా కనపడుతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాల్లో అది దాదాపు ఉండదు. దీపం మారితే వచ్చే పురుగుల లెక్క కూడా మారుతుంది. అసలు పురుగు దీపం మీద మోజుతో వస్తుందన్న మాటే సరికాదని 2024లో తేల్చారు. వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో చూస్తే, పురుగు తన వీపుని వెలుగు వైపుకి తిప్పుకుంటోంది. చీకటిపడ్డా ఆకాశం నేల కంటే కాస్త వెలుగ్గానే ఉంటుంది గదా, ఏది పైన ఏది కింద అని అది తెలుసుకునే పద్ధతి అదే. మధ్యలో మన బల్బు వెలిగేసరికి లెక్క తప్పి, దాని చుట్టూనే గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది.

దీపావళి ముందూ వెనకా మన ఇళ్లల్లోకి వచ్చే పచ్చటి చిన్న పురుగులున్నాయే, వాటిని రైతులు పచ్చదీపపు పురుగులు అంటారు. అవి వరి ఆకుల రసం పీల్చి బతుకుతాయి, టుంగ్రో అనే వైరస్ తెగులుని మోసుకు తిరుగుతాయి. పైరు పచ్చగా ఎదిగే రోజుల్లో అవి పుట్టలు పుట్టలుగా లేస్తాయి. కాలవలు ఆలస్యంగా వదిలితే నాట్లు ఆలస్యం, ఆ పురుగుల రాకా ఆలస్యం. ఒక ఏడు కార్తీకంలో అవి రాలేదంటే తగ్గాయనే అనుకోనక్కర్లేదు, ఆ ఏటి పైరు వేరే దశలో ఉండి ఉండొచ్చు.

ఇక్కడిదాకా విన్నాక మీకు అనుమానం రావచ్చు, మరి ఏదీ చెప్పలేమా అని. చెప్పగలం. పురుగు తిండీ ఇల్లూ ఏమయ్యాయో చూస్తే చాలా తెలుస్తుంది. నన్నడిగితే మన డెల్టాలో ఈ కథంతా ఎద్దు దగ్గర మొదలవుతుంది.

ఇంటింటా గొడ్ల చావిడి ఉన్న రోజుల్లో, వరి కోతకి ముందే తడి చేలో మినుములూ పెసలూ చల్లేవాళ్లు. పశువుల మేత కోసం జనుమూ పిల్లిపెసరా వేసేవాళ్లు. సంక్రాంతి తర్వాత పొన్నూరు, బాపట్ల మాగాణుల్లో జనుము చేలు పసుపుపచ్చగా పూసి ఉండేవి. ఆ పువ్వు కట్టుబడి గమ్మత్తుగా ఉంటుంది. పుప్పొడి కింది రేకుల దొన్నె లోపల దాగి ఉంటుంది. చిన్న ఈగ వాలితే ఏమీ కాదు. నల్లటి లావు తుమ్మెద వచ్చి తన బరువంతా మోపితే దొన్నె కిందికి వంగుతుంది, కొసలోంచి పుప్పొడి బయటికొచ్చి తుమ్మెద పొట్టకి అంటుకుంటుంది. అది ఇంకో పువ్వు మీద వాలినప్పుడు కాయ కడుతుంది.

తుమ్మెద ఇల్లెక్కడ? ఎండిన కర్రలో, వెదురు బొంగులో, తాటాకింటి వాసంలో. కోరికోరి సొరంగం చేసి, వరసగా గదులు కట్టి, గదికో పుప్పొడి ముద్దా దాని మీద ఒకే ఒక్క గుడ్డూ పెడుతుంది. ఆ గుడ్డు పురుగుల గుడ్లన్నిటిలోకీ పెద్దవాటిలో ఒకటి. దోమ ఒక్కసారికే వంద గుడ్లు పెట్టి పోతుంది. తుమ్మెదకి సంతానం వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఒకసారి తగ్గితే మళ్లీ కోలుకోవడం ఆలస్యం.

ట్రాక్టరొచ్చింది, ఎద్దు వెళ్లింది. ఎద్దు లేకపోతే జనుము ఎవరి కోసం? తాటాకిళ్లు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి. అంటే తుమ్మెదకి తిండీ ఇల్లూ ఒకే తరంలో పోయాయి. మినుముకి పల్లాకు తెగులు తగులుకుంది. దాన్ని మోసేది తెల్లదోమ. ఆ తెగులుకి తోడు బంగారుతీగ అల్లుకుపోయింది. నష్టాలు భరించలేక రైతులు వరి కోసిన చేలోనే దున్నకుండా మొక్కజొన్న వేయడం మొదలుపెట్టారు. వాళ్లని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు, ఇల్లు గడవాలి. కానీ మొక్కజొన్న గాలితో పరాగసంపర్కం జరుపుకునే పంట, దాని పువ్వులో తేనె ఉండదు. దున్నని చేలో కలుపుకి మందు కొట్టాలి. ఆ మందు గట్టు మీది తుమ్మికూరనీ గడ్డిపూలనీ కూడా మాడ్చేస్తుంది.

పేడపురుగు సంగతీ ఇంతే. ఉండలు చేసి దొర్లించుకుపోయి నేలలో పాతే ఆ పురుగు చేసే సేవ తక్కువది కాదు. ఎరువు వేళ్ల దగ్గరికి చేరుతుంది, నేల గుల్లబారుతుంది, పేడలో ఈగలు పెరగవు. ఆస్ట్రేలియాలో ఆవులు పెరిగాయి గానీ వాటి పేడని పనికి తెచ్చే పురుగులు అక్కడ లేవు. పేడ ఎండి పేరుకుపోయి, ఈగలు ముసిరి జనాన్ని వేధించాయి. చివరికి 1968 నుంచి బయటి దేశాల పేడపురుగుల్ని తెచ్చి వదిలారు. మనకి ఊరికే వచ్చిన పురుగు అది. పశువులు తగ్గాయి సరే, ఉన్న పశువులకి పురుగులు పోవాలని వేసే ఐవర్‌మెక్టిన్ లాంటి మందు పేడలోకి దిగి, అందులో పెరిగే పేడపురుగు పిల్లల్నీ చంపుతుంది.

మిణుగురుల మాట చెప్పకుండా ఉండలేను. మన ఆంధ్రలోనే బర్రంకుల అనే పల్లెలో 1996లో పది చదరపు మీటర్ల జాగాలో అయిదు వందలకు పైగా మిణుగురులు లెక్కకొచ్చాయి. 2019లో చూస్తే పది, ఇరవై. మిణుగురు పిల్లపురుగు తడి మట్టిలో నత్తల్ని తిని పెరుగుతుంది. కాలవ గట్టుకి సిమెంటు పరిస్తే దానికి చోటు లేదు. పెద్దయ్యాక మగది మిణుక్కుమంటే ఆడది బదులు మిణుక్కుమనాలి, అప్పుడే జత కుదురుతుంది. డొంకల్లోనూ రొయ్యల చెరువు గట్ల మీదా రాత్రంతా దీపాలు వెలుగుతుంటే, ఒకదాని సైగ ఇంకోదానికి కనపడేదెలా?

మరి అన్నీ తగ్గాయా అంటే అదీ కాదు. మురుగుకాలవలో పెరిగే దోమకి కరువు లేదు. కుళ్లిన నీళ్లలో దాని పిల్లల్ని తినే చేపా తూనీగ పిల్లా బతకవు గనక దానికి ఎదురు లేదు. మన దేశంలో మొదట 2018లో కర్ణాటకలో కనపడిన కత్తెర పురుగు చూస్తుండగానే మన మొక్కజొన్న సుడుల్లో చేరింది. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరపని ఊడ్చేసింది. రేపల్లె వైపు కొబ్బరాకుల కింద తెల్లటి చుట్టలు పెట్టే తెల్లదోమ కూడా బయటినుంచి వచ్చిందే. ఒకే పంట మైళ్లకొద్దీ వేస్తే, ఆ పంటనే తినే పురుగు పెరుగుతుంది. నాలుగు రకాల పూలూ కాస్త చీకటీ కాస్త పేడా తడిమట్టీ కావలసిన పురుగు తరుగుతుంది. తగ్గాయన్నవాడి మాటా పెరిగాయన్నవాడి మాటా రెండూ నిజమే.

పురుగుల్ని లెక్కపెట్టడం మన రైతుకి కొత్త కాదు. సుడిదోమ వచ్చిందేమోనని వరి దుబ్బుని తట్టి, నీళ్ల మీద రాలినవాటిని లెక్కపెడతాడు. పిలక దశలో దుబ్బుకి పది, పదిహేను దాటితే మందు గురించి ఆలోచించాలి. ఆ నీళ్ల మీదే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ అక్షింతల పురుగులూ కూడా రాలతాయి. అవి దోమని తినేవి. వాటి లెక్క వేసేవాళ్లు తక్కువ. ఇండోనేషియాలో మందులు కొట్టినకొద్దీ సుడిదోమ పెరిగింది, ఎందుకంటే దోమ కంటే ముందు దాన్ని తినేవి చచ్చాయి. 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 మందుల్ని నిషేధించి, రైతుల్ని పొలంలోనే కూర్చోబెట్టి శత్రువునీ మిత్రుణ్నీ గుర్తుపట్టడం నేర్పింది. మన దగ్గర పొలంబడి అంటున్నది ఆ దారిలో వచ్చిందే. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. ఏది మిత్రపురుగో తెలియకపోతే అడగడానికి మన పక్కనే చదువుకున్నవాళ్లున్నారు.

పిల్లలూ, ఇప్పుడు మీకో పని. ఒక్క పురుగునో ఒక్క చోటునో ఎంచుకోండి. పెరట్లో బీరపాదు ఉంటే మంచిది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళ పందిరి దగ్గర పావుగంట కూర్చుని, పువ్వు మీద వాలిన ప్రతి పురుక్కీ ఒక గీత గీయండి. కాలవ గట్టు దగ్గరుండే వాళ్లు తొలకరి వానల తర్వాత ఫోను జేబులో పెట్టుకుని చీకట్లో మిణుగురుల్ని లెక్కపెట్టండి, పెద్దవాళ్లెవరైనా తోడుండాలి సుమా. వరండా దీపం దగ్గర చూసేవాళ్లు అది ఏ రకం బల్బో తప్పకుండా రాయండి. వెన్నెల రాత్రి దీపానికి పురుగులు తక్కువొస్తాయి కాబట్టి తిథి కూడా రాయండి. చోటు మారకూడదు, వేళ మారకూడదు. గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే అంకె వేసి, ఏడాది అయ్యాక ఆ క్యాలెండరు పారేయకుండా దాచండి. ఏమీ కనపడని రోజు సున్నా వేయండి, ఖాళీ వదలొద్దు. సున్నాకి అర్థం ఉంది, ఖాళీకి లేదు.

తెనాలిలో ఒక బడి, బాపట్లలో ఒక బడి, రేపల్లెలో ఒక బడి కలిసి ఒకే సాయంత్రం ఈ లెక్క మొదలుపెడితే, పదేళ్లకి మన డెల్టా పురుగుల సంగతి ఎవరి జ్ఞాపకాన్నీ అడగక్కర్లేకుండా తెలుస్తుంది. మాస్టార్లకి నా మనవి, ఈ తొలకరికే మొదలుపెట్టించండి.