కియర్స్నీ తెలుగు సంఘం: తేయాకు తోటలో నిలబడిన క్రిస్మస్

ఊరు విడిచి దక్షిణాఫ్రికా వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు డిసెంబరు బెంగపెట్టే నెల. అక్కడ ఊళ్ళో మంచు కురుస్తూ ఉంటుంది. ఇంటి ముందు రంగుకాగితపు నక్షత్రం వెలుగుతుంది. యువజనులు డోలక్, తాళాలు పట్టుకుని పొద్దుపోయేదాకా ఇంటింటికీ తిరిగి పాడతారు. అరిసెలు, కజ్జికాయలు ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్తాయి. ఇక్కడ అదే నెలలో నడివేసవి ఎండ, పిల్లలకు పెద్ద సెలవులు. డర్బన్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి గుంటూరులో తెల్లవారుజాము మూడున్నర. అమ్మానాన్నల గొంతు ఫోనులో వినబడుతుంది కానీ వాళ్ళ పక్కన నిలబడి పాడే భాగ్యం ఉండదు.

ఈ బెంగను మనకన్నా ముందే మోసినవాళ్ళు ఈ నేలమీద ఉన్నారు. డర్బన్‌కు ఉత్తరాన, ఇప్పుడు క్వాడుకూజా అని పిలిచే స్టాంగర్ పట్టణానికి దగ్గరలో కియర్స్నీ అనే తేయాకు తోట ఉండేది. అక్కడి తెలుగు కూలీలు 1903 డిసెంబరు 27న, క్రిస్మస్ అయిన రెండో రోజు ఆదివారం నాడు, బాప్టిస్టు సంఘంగా ఏర్పడ్డారు. ఈ దేశంలో తెలుగువాళ్ళు తమకోసం తాము కట్టుకున్న తొలినాటి సంస్థల్లో అది ఒకటి. ఈ ప్రత్యేక సంచికలో దాని కథ తప్పకుండా ఉండాలి.

తోటకు చేరినవాళ్ళు

మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 దాకా, డర్బన్ ఉన్న నేటాల్‌కు గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు లక్షా యాభై రెండు వేలకు పైమాటే. ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్ళు. తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం. చీటీ లేకుండా తోట దాటి వెళ్ళకూడదు. ఓడ ఎక్కించేటప్పుడు వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉంటే చాలన్న లెక్క పాటించేవాళ్ళు. అందువల్ల కూలీలు వరుసగా కాపురముండే కూలి లైన్లలో ఒంటరి మగవాళ్ళే ఎక్కువ. అమ్మమ్మ, మేనమామ, పెద్దమ్మ అనే వరసలన్నీ సముద్రానికి ఆవలే ఉండిపోయాయి.

కియర్స్నీ తోట లీజ్ హ్యూలెట్‌ది. కాఫీ తోటలను తెగులు తుడిచిపెట్టాక ఆయన తేయాకు వైపు మళ్ళి, నేటాల్‌లో అందరికన్నా పెద్ద తేయాకు దొర అయ్యాడు. మెథడిస్టు విశ్వాసి కూడా. ఆ తోటలో ఆకు కోసిన తెలుగువాళ్ళలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టులు కొందరున్నారు. 1878లో, కరువు దేశాన్ని పిప్పి చేసిన రోజుల్లో, ఒంగోలు మిషనులో జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ తరం బిడ్డలు బతుకుతెరువు కోసం ఓడ ఎక్కినప్పుడు విశ్వాసాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు.

ఇక్కడ వాళ్ళకు ఆరాధన జరుపుకోవడానికి చోటు లేకపోలేదు. మెథడిస్టులు, ఆంగ్లికన్లు, కాథలిక్కులు భారతీయుల మధ్య అప్పటికే పనిచేస్తున్నారు. 1862లో మెథడిస్టు సేవ మొదలుపెట్టిన రాల్ఫ్ స్టాట్ సిలోనులో పనిచేసి తమిళం నేర్చుకున్నవాడు. తెలుగువాళ్ళకు లోటల్లా తమ భాషలో వాక్యం చెప్పి, తమ ఇంటి చావుకూ పెళ్ళికీ వచ్చి నిలబడే కాపరి. కాపరిని పంపమని వాళ్ళు, అమెరికన్ బాప్టిస్టులు నడిపే సొంత ఊళ్ళ మిషనుకే కబురు పెట్టారు.

నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం

ఆ కబురుకు జవాబు అమెరికా నుంచి రాలేదు. తెలుగు బాప్టిస్టులు తమ కానుకలతో నడుపుకునే హోం మిషన్ సొసైటీ తమలో ఒకరిని ఎంచి పంపింది. ఆయనే నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్య. 1903లో కుటుంబంతో సహా డర్బన్‌లో దిగాడు.

నెల్లూరు మిషనును మూసేయాలని అమెరికాలోని పెద్దలు ఒకప్పుడు ఒకటికి రెండుసార్లు చర్చించారు. దాన్ని ఒంటరి నక్షత్రం అని జాలిగా పిలిచేవాళ్ళు. ఆ మిషనులో పెరిగిన సంఘాలు, పేద కూలి కుటుంబాలే ఎక్కువగా ఉన్న సంఘాలు, సుమారు అర్ధ శతాబ్దానికే తమ సొమ్ముతో తమ మనిషిని సముద్రం దాటించాయి. అప్పటిదాకా తెలుగునాట మిషనరీ అంటే తెల్లదొర. రంగయ్య ఆ మాటకు తెలుగు ముఖం ఇచ్చాడు.

ఆ ఇంటివారికి ఈ దేశంలో మొదటి క్రిస్మస్ 1903దే. ఆ పండుగను వాళ్ళు ఏమి వండుకుని, ఏమి పాడి చేసుకున్నారో చెప్పే తీరిక చరిత్ర తీసుకోలేదు. కాలం మాత్రం మనకు తెలుసు. నడివేసవి, వానలు, తేయాకు చిగురు ముమ్మరంగా వేసే రోజులు. చలికాలపు పండుగను ఎండలో, చుట్టాల పండుగను చుట్టాలు లేని చోట జరుపుకోవలసి వచ్చింది. ఆ వారంలోనే సంఘం ఏర్పడింది. దూరదేశంలో పండుగ చేసుకోవడానికి కుటుంబం ఒక్కటే చాలదనీ, నలుగురూ కలిసి కూర్చునే ఒక ఇల్లు కావాలనీ వాళ్ళు గ్రహించారని నేను గట్టిగా నమ్ముతాను.

సంఘమే చుట్టరికం

కూలీలు తోట వదిలి రాలేరు కాబట్టి కాపరే తోటలకు వెళ్ళాలి. రంగయ్య ఉత్తర తీరం పొడవునా తోటలకు, పట్టణాలకు తిరిగాడు. స్టాంగర్, డార్నల్, డర్బన్ లాంటి చోట్ల కూడికలు మొదలయ్యాయి. ఉత్తరం రాయడం రానివాళ్ళకు రాసిపెట్టేవాడు, జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కూర్చునేవాడు, పెళ్ళి చేయించేవాడు, చనిపోయినవాళ్ళను సాగనంపేవాడు లేకుండా కూలి లైన్ల బతుకు సాగదు. ఊళ్ళో ఇంటిపెద్దలు చేసే ఆ పనులను ఇక్కడ సంఘం చేతికెత్తుకుంది.

ఆ మనుషుల దగ్గర మిగులు డబ్బు లేదు. 1895 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిశాక ఈ దేశంలో ఉండిపోవాలంటే ఏడాదికి మనిషికి మూడు పౌనులు పన్ను కట్టాలి. మూడు పౌనులంటే అరవై షిల్లింగులు, కూలీ మొదటి ఏడాది జీతంతో చూస్తే ఆరు నెలల సంపాదన. భార్యకూ అంతే. తర్వాతి చట్టంతో పదమూడు దాటిన ఆడపిల్లకూ, పదహారు దాటిన మగపిల్లాడికీ అంతే. 1913లో గాంధీ నాయకత్వాన నేటాల్ భారతీయ కూలీలు గనుల్లోనూ చెరకు తోటల్లోనూ పని ఆపేదాకా, 1914లో చట్టం మారేదాకా ఆ పన్ను పోలేదు. అలాంటి ఇళ్ళనుంచి వచ్చిన కానుకతో నడిచిన సంఘమిది. దాని చందా పుస్తకంలోని ప్రతి పెన్నీ వెనుక ఒక పస్తు ఉండి ఉంటుంది.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలమందికి పైగా వచ్చిన ఆ సభలో ఆసియావాళ్ళు ఇంచుమించు ఇరవైమంది. వాళ్ళలో తర్వాత దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఒకరు, నేటాల్ నుంచి జాన్ రంగయ్య ఒకరు. తేయాకు కూలీల కాపరికి ఆ సభలో చోటు దొరికింది.

ఏ సంస్థకూ నడక సాఫీగా ఉండదు. 1914లో ఈ సంఘాలు రెండు పాయలయ్యాయి. 1915లో రంగయ్య కన్నుమూశాడు. కొడుకు థియోఫిలస్ ఆ సేవను అందుకున్నాడు. ఆ రెండు పాయలూ బాప్టిస్టు అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా, బాప్టిస్టు మిషన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా అనే పేర్లతో ఎదిగాయి. చీలిక గురించి ఎవరు ఏమన్నా, రెండు వైపులా మూలం కియర్స్నీలోనే ఉంది.

తోట పోయింది, జనం మిగిలారు

1911లో భారత ప్రభుత్వం నేటాల్‌కు కూలీలను పంపడం ఆపేసింది. ఆకు కోసే చేతులు కరువై తేయాకు తోటలు క్రమంగా మూతపడ్డాయి; ఆ నేలలో చెరకు వచ్చింది. హ్యూలెట్ దొర ఉన్న భవనంలో 1921లో కియర్స్నీ కాలేజీ మొదలై, 1939లో బోథాస్ హిల్‌కు తరలిపోయింది. ఒప్పందం తీరినవాళ్ళు కూరగాయల మడులకు, మిల్లులకు, డర్బన్ నగరానికి వెళ్ళారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మళ్ళీ ఇళ్ళు కదిలించి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ లాంటి చోట్లకు చేర్చింది. వెళ్ళిన చోటల్లా వాళ్ళు గుడి కట్టుకున్నారు.

భాష మాత్రం అంత బలంగా నిలవలేదు. బడి ఇంగ్లీషు, ఉద్యోగం ఇంగ్లీషు కావడంతో ఆరాధన కూడా క్రమంగా ఇంగ్లీషులోకి మారింది. ఇందుకు ఆ తరాలను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆ రోజుల్లో తెలుగు చెప్పే బడి పెడతామని ఏ ప్రభుత్వమూ ముందుకు రాలేదు. 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ భాషను కాపాడటానికి పడిన శ్రమ మనందరికీ తెలుసు. దానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే తెలుగు కీర్తన, తెలుగు ప్రార్థన, తెలుగు బైబిలు పట్టుకుని ఈ గడ్డమీద నిలబడిన చిన్న సంఘాన్ని కూడా తెలుగు చరిత్రలో భాగంగా లెక్కించాలి. పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు తెలుగు క్రైస్తవుల సొత్తు, అలాగే తెలుగు సాహిత్యపు సొత్తు కూడా. మతాన్ని బట్టి ఈ వారసత్వాన్ని పంచుకోకూడదు.

మనం చేయగలిగిన పని

నా మనవి మూడు మాటలు. మొదటిది, ఉత్తర తీరపు పాత కుటుంబాలలో ఇంకా పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో బాప్తిస్మ పత్రాలు, పెళ్ళి ఫోటోలు, పాత తెలుగు కీర్తనల పుస్తకాలు ఉండే అవకాశముంది. తెలుగు చదవడం రాక వాటి విలువ తెలియని పిల్లలకు మనం చదివి చెప్పాలి. రెండోది, కూలీల ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉన్నాయి. డర్బన్ ఆర్కైవ్స్‌కు వెళ్ళి వాటిలోని తెలుగు ఊళ్ళను వెతికి, మూలాలు అడిగే కుటుంబాలకు సాయం చేయడానికి మన సంఘం ఒక చిన్న బృందాన్ని పెట్టాలి. మూడోది అన్నిటికన్నా తేలిక. ఈ డిసెంబరులో మన కేరల్స్ ఊరేగింపు మన ఇళ్ళతో ఆగకుండా ఆ పాత ఇళ్ళ గుమ్మాలకూ వెళ్ళాలి. తరాలుగా తెలుగు వినని ఇంట్లో ఒక తెలుగు కీర్తన పాడి, అరిసెల పొట్లం చేతికిచ్చి రావాలి.

నూట ఇరవై ఏళ్ళ క్రితం నెల్లూరు తన కుటుంబాన్ని ఒకదాన్ని ఇక్కడికి పంపి ఈ సంఘాన్ని నిలబెట్టింది. ఆ సంఘపు బిడ్డలకు తెలుగును తిరిగి అందించే బాధ్యత ఇప్పుడు ఇక్కడున్న మనది. కదిలి రండి.