రోగం పాపానికి రసీదు కాదు

"నీ గుండెల ఏదో దాచిపెట్టినవ్ బిడ్డా. అది బయటపెట్టేదాక ఈ జబ్బు పోదు."

పెద్దపల్లి, సుల్తానాబాద్, గోదావరిఖని చుట్టుపక్కల శుక్రవారం ఉపవాస కూటాలకు పోయేవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. ఒకప్పుడు ఊరూరా తిరిగే కొందరు ప్రసంగీకుల నోటనే వినబడేది. ఇప్పుడు వీడియోలుగా మారి ప్రతి ఫోన్‌లోకీ చేరింది. పైగా దానికి తోక మొలిచింది: పాపం ఒప్పుకుని ప్రార్థన చేయించుకున్నాక కూడా గోలీలు మింగుతున్నావంటే నీకు విశ్వాసం లేనట్టే. మనుషుల ప్రాణం మీదికి తెస్తున్నది ఈ తోకే.

టీబీ మందులు ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది. సరిగ్గా అప్పుడే సాక్ష్యం చెప్పిస్తారు, గోలీలు ఆపిస్తారు. సగంలో ఆపిన టీబీ తిరగబెడితే మామూలు మందులకు లొంగకపోవచ్చు, ఇంట్లో పిల్లలకూ అదే మొండి టీబీ అంటుకోవచ్చు. ఈ మందులు సర్కారు దవాఖానలో ఉచితం. తిండికి నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నారు. చిన్న వయసులో వచ్చే షుగర్‌కు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. ఫిట్స్ గోలీలు ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి మనిషి పోవచ్చు. ఇన్ని ముప్పులున్న చోట, డాక్టరు రాసిన చీటీ ముఖమైనా చూడనివాళ్లు మందు ఆపమంటున్నారు.

నేను విశ్వాసిని. ప్రార్థన మీద నాకు చిన్నచూపు లేదు. అందుకే ఈ ప్రచారాన్ని వాళ్లు చేత పట్టుకున్న బైబిల్ నుంచే తిప్పికొట్టాలనుకుంటున్నాను.

యోహాను సువార్త 9వ అధ్యాయం తెరవండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే: పాపం ఇతనిదా, కన్నవాళ్లదా? ఇద్దరిదీ కాదన్నాడు యేసు. లూకా 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి వస్తుంది. ఊళ్లో మిగతావాళ్ల కంటే వాళ్లు పెద్ద పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే తేల్చాడు. ఇక యోబు గ్రంథంలో సగానికి పైగా ఈ వాదమే. ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి చుట్టూ చేరి, నువ్వేదో తప్పు చేసి ఉంటావు, ఒప్పుకో అని స్నేహితులు అధ్యాయాలకు అధ్యాయాలు పోరారు. చివరికి దేవుడు కోపించింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. నా గురించి మీరు సరైనది పలకలేదని వాళ్లకు చెప్పాడు. 42వ అధ్యాయం దాకా చదివినవాడెవడూ మంచం పట్టిన మనిషిని గుచ్చి గుచ్చి అడగడానికి సాహసించకూడదు.

మందుల సంగతికొద్దాం. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టు కట్టించాడు. ప్రార్థన విన్న తర్వాత కూడా మందు పెట్టారు. తరచూ జబ్బుపడే తిమోతికి కడుపు కోసం ఏం పుచ్చుకోవాలో పౌలు ఉత్తరంలో రాశాడే తప్ప, నీ విశ్వాసం చాలలేదని రాయలేదు. ఆ పౌలుకు తోడున్న లూకా వైద్యుడు.

మన ఉత్తర తెలంగాణలో సంఘం పుట్టిన తీరు తెలిసినవాళ్లకు ఈ ప్రచారం మరీ బాధ కలిగిస్తుంది. పూర్వజన్మ పాపమనీ దేవుడి శిక్ష అనీ జనం గట్టిగా నమ్మిన రోగం కుష్ఠు. ఆ రోగులను ఊరవతలికి తోసేవాళ్లు. స్కాట్లాండ్ నుంచి 1907లో వచ్చిన వెస్లియన్ మిషన్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్‌తో కలిసి నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో వాళ్ల కోసం దవాఖాన పెట్టింది. దాత రాజా నర్సాగౌడ్ అండగా నిలిచాడు. 1915లో మొదలైన ఆ దవాఖానలో చాల్‌ముగ్రా జాతి నూనె సూదులతో వైద్యం చేశారు. దాన్ని నడిపింది విశ్వాసమే. కానీ ఏ పాపం చేశావో చెప్తేనే సూది వేస్తామనే పద్ధతి అక్కడ లేదు. కుష్ఠు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని హాన్సెన్ 1873లోనే కనుక్కున్నాడు. డిచ్‌పల్లిలో వందేళ్ల కిందట వదిలేసిన మాటను మనం మళ్లీ సంఘంలోకి తెచ్చుకుంటున్నాం.

ఈ ప్రచారానికే ఇంకో ముఖం పూర్వీకుల శాపం. తాత చేసిన విగ్రహారాధన మనవడి రక్తంలోకి దిగిందని చెప్పి, శాప విమోచన ప్రార్థనకు కానుక కట్టిస్తారు. ఆదిలాబాద్ వైపు గూడేల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న కుటుంబాలకు ఇది ఎంత ఘోరమైన మాటో ఆలోచించండి. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశంతో జబ్బు వస్తుంది. ఇందులో ఎవరి దోషమూ లేదు. రక్తపరీక్ష ఉంది, నొప్పులు తగ్గించే మందులున్నాయి. దీని కోసమే కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. మూడు నాలుగు తరాల మాట నిర్గమకాండంలో ఉందిగదా అంటారు. ఉంది. ఆ వెంటనే వేయి తరాల కరుణ మాట కూడా ఉంది. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం చెప్తుంది.

పిల్లలు పుట్టని ఆడవాళ్లను పెళ్లికి ముందు ఏం చేశావని అడిగేవాళ్లకు లూకా మొదటి అధ్యాయం చాలు. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ నీతిమంతులని రాసిన తర్వాతే వాళ్లకు పిల్లలు లేరని రాసి ఉంది. పరీక్షలకు మగవాళ్లూ పోవాలి. కారణం వాళ్లలోనూ ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. దాచిన తప్పు మనిషిని తింటుందన్న మాటలో నిజముంది. చేసింది చెప్పుకోలేక ఒళ్లు ఎండిపోయిందని దావీదు 32వ కీర్తనలో రాసుకున్నాడు. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, మరచిపోవడానికి తాగడం, తాగి లివర్ పాడుచేసుకోవడం, ఇవన్నీ మన కాలనీల్లో కళ్లెదుట ఉన్నవే. బేతెస్ద కోనేటి దగ్గర బాగుపడినవాణ్ణి ఇక పాపం చేయవద్దని యేసు హెచ్చరించిన మాటా నిజమే. పాపానికీ ఒంటికీ ఎప్పుడూ ఏ సంబంధమూ ఉండదని నేననను. తన మనసులో ఏముందో మనిషి తనంతట తానే దేవుని ముందు వెతుక్కోవడం వేరు. పక్కవాడి స్కానింగ్ రిపోర్టు చూసి వాడి పాపాల లెక్క కట్టడం వేరు. ముప్పై ఏళ్లు ఇంక్లైన్‌లో బొగ్గు దుమ్ము పీల్చిన కార్మికుడి దగ్గుకు కారణం వెతకడానికి ఎవరికీ ప్రవచన వరం అక్కర్లేదు.

తర్వాతి మాట: నలుగురిలో మైకు ముందు చెప్తేనే ఒప్పుకోలు. ఇది అబద్ధం. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చూపిస్తారు. ఒకరితో ఒకరు ఒప్పుకోమని ఉందక్కడ. ఆ ఒకరిలో పాస్టర్ గారూ ఉన్నారు. ఆయన తప్పులు మైకులో ఎన్నడైనా విన్నామా? రోగి ఇంటికి పెద్దలు వెళ్లాలని కూడా అక్కడే ఉంది, రోగిని స్టేజీ ఎక్కించమని లేదు. సీఎస్ఐ మందిరాల్లో తరతరాలుగా ఒప్పుకోలు అందరూ కలిసి చెప్తారు. ఎవరి పాపం పేరూ బయటికి రాదు. ఆ వెంటనే అయ్యగారు క్షమాపణ మాట పలుకుతారు. కథోలిక సంఘంలో గురువుకు చెప్పుకున్న పాపం ఆయనతోనే ఉండిపోవాలి. బయటపెట్టిన గురువుకు వెలి శిక్ష. ఇంత జాగ్రత్త ఊరికే పుట్టలేదు. ఎప్పుడో గర్భం తీయించుకున్న సంగతి ఒక అక్క కూటంలో ఏడుస్తూ చెప్పేస్తే, ఆ రాత్రి అత్తింట్లో ఆమెకు ఏం జరుగుతుందో చెప్పించినవాళ్లు చూడరు. వాడకంతా తెలుస్తుంది, వీడియో మిగిలిపోతుంది.

మిగతావాటికి ఒక్కో మాట చాలు. తైలం సీసా కొంటే పాపం పోతుందా? దేవుని వరాన్ని పైసలతో కొనబోయిన సీమోనును పేతురు ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 8లో చదువుకోండి. మళ్లీ బాప్తిస్మమా? ఒక్కటే బాప్తిస్మమని విశ్వాస ప్రమాణం. నలభై రోజుల ఉపవాసంతో పాత లెక్క మాఫీ కాదు, షుగర్ ఉన్నవాళ్లు దాని జోలికే పోవద్దు. క్షమాపణ తేలిక గనుక కిరస్తానీలు ఎన్ని తప్పులైనా చేస్తారని బయటివాళ్లు అనే మాటకు రోమా పత్రిక 6వ అధ్యాయంలో పౌలు ఎప్పుడో జవాబిచ్చాడు.

నిజంగా తప్పు చేసి, క్షమాపణ అడిగి, అయినా రాత్రుళ్లు కుమిలిపోయేవాళ్ల గురించి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి. బరువు ఇంకా దిగలేదంటే దేవుడు క్షమించలేదన్నమాట అని వాళ్లకు చెప్తున్నారు. ఇదీ తప్పే. తన పాపాలను ఒప్పుకున్నవాణ్ణి క్షమిస్తానన్నది దేవుని మాట. ఆ మాట మన గుండె తేలికపడటం మీద ఆధారపడి లేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో పాటలు రాశాడు. ఆయన పాటల్లో పాపి అంటే పాడేవాడే. వేలు పక్కవాడి వైపు తిరగదు, ఏడుపు క్రీస్తు దగ్గర ఆగుతుంది. మన అవ్వలు ఆ పాటలు పాడుకుని లేచి వెళ్లి పొలం పని చేసుకున్నారు. రేపు ఇంకోసారి, ఎల్లుండి ఇంకోసారి రుజువు కావాలని వాళ్లనెవరూ వేధించలేదు.

అయినా కొందరికి ఆ భారం దిగదు. చేయని తప్పులు కూడా చేసినట్టనిపించడం, ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకోవడం, క్షమించరాని పాపం చేసేశానని వణకడం ఉంటే అది మనసుకు వచ్చిన జబ్బు కావచ్చు. విలియం కౌపర్ పేరు వినే ఉంటారు. జాన్ న్యూటన్‌తో కలిసి 1779 నాటి ఓల్నీ కీర్తనల పుస్తకానికి పాటలు రాసిన కవి. క్రీస్తు రక్తం గురించి అంత నమ్మకంగా రాసినవాడు, దేవుడు తనను తోసేశాడన్న భయంతోనే 1800లో చనిపోయాడు. ఆయనకు విశ్వాసం తక్కువైందని నేననలేను. ఆయన కాలంలో ఆ జబ్బుకు మందు లేదు. మనకుంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఏ వేళప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే కూటం దాకా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి, అప్పుడే ఆ నంబరుకు చేయండి.

మరి తప్పు నిజమైనదే అయితే, అది ఎవరికి చేశామో ఆ మనిషి ఇల్లు మనకు తెలుసు. ఇక్కడ నాకు ఓపిక తక్కువ. తాగి భార్యను కొట్టేవాణ్ణి, ప్రభువు మార్చాడని సాక్ష్యం చెప్పే అన్నలుంటారు. చప్పట్లు మోగుతాయి. అదే మందిరంలో చివరి వరుసలో కూర్చున్న ఆమెను క్షమాపణ అడిగాడా అని ఎవరూ కనుక్కోరు. ఆమె క్షమించినా కేసు వాపసు తీసుకోవాలనీ, మళ్లీ అదే ఇంట్లో ఉండాలనీ ఏ వాక్యమూ లేదు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు యేసు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. బానిసల ఓడలు నడిపిన న్యూటన్ 1748లో తుఫానులో దేవుణ్ణి పిలిచాడు గానీ, ఆ వ్యాపారం 1754 దాకా మానలేదు. దాని ఘోరాన్ని 1788లో అచ్చువేసి లోకానికి చెప్పాడు. ఆలస్యమైంది, అయినా చెప్పాడు. ఆ వ్యాపారాన్ని నిషేధించడానికి పోరాడినవాళ్లకు ఆయన సాక్ష్యం పనికొచ్చింది.

కాబట్టి తమ్ముడి వాటా భూమి పాస్‌బుక్కులో మీ పేరున ఎక్కి ఉంటే సాక్ష్యం తర్వాత చెప్పుకోవచ్చు, ముందు తహసీల్ ఆఫీసుకు పోండి. ఎగ్గొట్టిన చిట్టీ పైసలు ఒక్కసారే ఇవ్వలేకపోతే నెలనెలా ఇవ్వండి. ఆ మనిషి మీ ముఖం చూడనంటే బలవంతంగా గడప తొక్కకండి, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి చేత పంపండి. ఆ మనిషి చనిపోయి ఉంటే వారసులను వెతకండి. వారసులూ లేకపోతే ఏం చేయాలో సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది: అసలుకు అయిదో వంతు కలిపి యాజకుని చేతికివ్వాలి, అది దేవునిదవుతుంది. సంఘంలో ఆపరేషన్ పైసలకు తిప్పలు పడుతున్న కుటుంబం ఒకటి ఉండే ఉంటుంది. మీ పేరు చెప్పకుండా వాళ్లకు చేర్చమని పాస్టర్ గారికి చెప్పండి.