వాడిన విద్యుత్ కారును కొనునపుడు

ఎద్దును కొనువాడు పళ్ళు పట్టి చూచును. పాత పెట్రోలు కారును కొనువాడు ఇంజను చప్పుడునకు చెవి యొగ్గును, పొగగొట్టము వంక చూచును. వాడిన విద్యుత్ కారు దగ్గర ఈ విద్యలు పనికిరావు. దానికి చప్పుడు లేదు, పొగ లేదు. పదివేల కిలోమీటర్లు తిరిగిన బండియు, లక్ష తిరిగిన బండియు ఒకే తీరున మెత్తగా కదలును.

మన దేశమున టాటావారి నెక్సాన్ విద్యుత్ కారు 2020 జనవరిలో అంగడికి వచ్చినది. ఆ తొలినాటి బండ్లు ఇప్పుడు చేతులు మారుచున్నవి. క్రొత్తదానికంటె వెల బాగుగా తగ్గియుండుటచే, కూడబెట్టిన సొమ్ముతో మొదటి కారు కొనదలచిన కుటుంబములు వీనివైపు చూచుచున్నవి. అట్టివారికి మేము మొదట చెప్పదలచినది ఒక్కటే. వారు కొనుచున్నది కారు కాదు, బ్యాటరీ. కారు వెలలో పెద్ద భాగము దానిదే. మోటారు సామాన్యముగా బహుకాలము మన్నును. బ్యాటరీ మాత్రము నానాటికి తరుగును. తరుగుట యనగా చెడిపోవుట కాదు. అడుగున ఇసుక పేరిన కుండ వంటిది అది. అంచువరకు నిండినట్లే కనబడును, కాని పట్టిన నీరు తక్కువ. అద్దము ముందు పలకపై నూటికి నూరు అని చూపినంత మాత్రమున, ఆ నూరు క్రొత్తనాటి నూరు కాదు.

ఈ తరుగునకు కారణములు పెక్కులున్నను, వేడిమి వానిలో పెద్దది. 2010లో నిస్సాన్ కంపెనీ లీఫ్ అను కారును తెచ్చినది. దాని బ్యాటరీని ద్రవముతో చల్లబరచు ఏర్పాటు లేదు. ఎడారి ఎండలు కాయు అమెరికా నగరము ఫీనిక్స్‌లో 2012 నాటికే కొందరి బండ్లలో పలకపై నున్న 12 గీతలు ఒక్కొక్కటిగా మాయమగుట మొదలైనది. కడకు, 5 ఏండ్లలో లేక 60,000 మైళ్ళలోపల గీతలు తొమ్మిదికంటె తగ్గినచో బాగుచేసి యిత్తుమని కంపెనీ మాట యీయవలసి వచ్చినది. రెంటచింతల ఎండలు, రామగుండము ఎండలు ఎరిగిన మనకు ఈ కథ దూరపు కథ కాదు. నెక్సాన్ బ్యాటరీని ద్రవముతో చల్లబరతురు, అది మేలే. అయినను పూర్తిగా ఛార్జి చేసి, మే నెల ఎండలో రోజంతా నిలిపి యుంచిన బండికిని, నీడపట్టున నుండిన బండికిని తేడా ఉండితీరును. అందుచేత, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినదని అడుగుటకు ముందు, ఎక్కడ నిలిచినదని అడుగుట మంచిది.

ఇక కొలుచుట యెట్లు? సర్వీసు కేంద్రమున కంప్యూటరు తగిలించి బ్యాటరీ స్థితిని చదివి పత్రము నిత్తురు. దానిని తప్పక అడుగవలెను. కాని పత్రమొక్కటే చాలదు. పాత లీఫ్ కార్లలో అమ్మకమునకు ముందు లెక్కను చెరిపి, పోయిన గీతలను మరల తెప్పించిన మోసములు జరిగినవి. కొన్నవాని యింటికి చేరిన కొలది వారములకు ఆ గీతలు మరల మాయమైనవి.

ఇంటిలో కరెంటు బిల్లు చదువగలవారెవరైనను చేయదగిన పరీక్ష యొకటి కలదు. తొలి నెక్సాన్ బ్యాటరీ పట్టు 30.2 యూనిట్లు. ముందుగా బండిని నిండుగా ఛార్జి చేయవలెను. ఈ జాతి బ్యాటరీలలో అప్పుడప్పుడు నిండుగా ఎక్కించనిదే పలక లెక్క దారి తప్పును. పిమ్మట నూటికి 20 వంతులు మిగులువరకు నడుపవలెను. అటుపై ప్లగ్గునకు నడుమ చిన్న మీటరు నుంచి, మరల నిండువరకు ఎన్ని యూనిట్లు త్రాగినదో చూడవలెను. గోడనుండి బ్యాటరీకి చేరులోపల నూటికి పది, పదునైదు వంతులు వృథా యగును. కొంత పట్టును బ్యాటరీ ఎప్పుడును వాడుకకు ఈయక దాచుకొనును. అన్నియు లెక్కించినచో మంచి స్థితిలో నున్నది సుమారు 25 మొదలు 28 యూనిట్లు తీసికొనును. 21తోనే నిండెనన్నచో తరుగు గట్టిదే. దీనికి ఒక పగలు, ఒక రాత్రి పట్టును. అంత సేపు బండి నీయనని అమ్మువాడనినచో, ఆ బేరమును విడుచుటయే మేలని మా అభిప్రాయము. నడుపునపుడు మరొకటి కనిపెట్టవలెను: ముప్పది చూపుచున్న అంకె ఒక్కసారిగా పదికి పడినచో, లోని సెల్లులలో ఏదో బలహీనపడినదని అనుమానింపవలెను.

తరిగిన బ్యాటరీ యున్న బండి కొనరానిదా? అట్లనుట న్యాయము కాదు. క్రొత్తలో ఒక ఛార్జికి సుమారు 200 కిలోమీటర్లు నడచిన బండి ఇప్పుడు 160 నడచుననుకొందము. గుంటూరునుండి విజయవాడకు ఉద్యోగమునకు పోయివచ్చువానికి రోజునకు 70 చాలును; ఆ బండి అతనిని ఇంకను పెక్కేండ్లు మోయగలదు. తరచుగా హైదరాబాదు పోవువానికి మాత్రము అది దారిపొడవున ఛార్జింగు స్థలములను వెదకు బాధ. తరుగును వెలలో తగ్గించి అడుగుట కొనువాని హక్కు.

వరద మాట వేరు. అందు బేరమే లేదు. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలోను ఎన్నో వాహనములు మునిగినవి. విద్యుత్ కారు బ్యాటరీ నేలకు దగ్గరగా, అడుగుభాగముననే యుండును. నీరు చొచ్చినచో లోని కీళ్ళు నెమ్మదిగా తుప్పుపట్టి, నెలల తరువాత బండి నిలిచిపోవచ్చును, నిప్పు అంటుకొనను వచ్చును. కనుక బండిని పైకెత్తించి అడుగున బురద మరకలు, రాళ్ళదెబ్బలు చూడవలెను. సీటుబెల్టును కడవరకు లాగి చూడవలెను. బీమా పరిహారము తీసికొన్న చరిత్రను అడుగవలెను.

తొలి నెక్సాన్ బ్యాటరీకి 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు వారంటీ. అది మొదలగుట తొలి యజమాని కొన్ననాటినుండి, మనము కొన్ననాటినుండి కాదు. రెండవ యజమానికి వర్తించునో లేదో కంపెనీనుండి వ్రాతమూలముగా తెచ్చుకొనవలెను. ఆకుపచ్చ నంబరు పలకపై తెల్లని అక్షరములు సొంత బండికి, పసుపు అక్షరములు బాడుగ బండికి గుర్తు. బాడుగకు తిరిగి తరువాత పలక మార్చుకొన్నదేమో రిజిస్ట్రేషను కాగితములలో చూడవలెను.

చిన్న సంగతులు కొన్ని మిగిలినవి. పెద్ద బ్యాటరీ ఎంత నిండియున్నను, 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చినచో బండి మేలుకొనదు; దాని వయస్సు అడుగవలెను. బరువు హెచ్చుగుటచే టైర్లు త్వరగా అరుగును. ఫోనులో బండిని చూపు ఖాతాను పాత యజమాని తన పేరనుండి తీసివేయవలెను, లేనిచో మన రాకపోకలు అతనికి తెలియుచునే యుండును. ఇంటియొద్ద 15 ఆంపియర్ల ప్లగ్గును, సరియైన ఎర్తును బండి రాకమునుపే ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించుకొనవలెను. అద్దెయింటివారు ఇంటి యజమాని సమ్మతిని బయానాకు ముందే పొందవలెను.